బట్టీ ఈల వేసిన రోజు

వెచ్చటి మట్టి మీద ఒక చెవి.

ముడతలు పడ్డ చెవి. తమ్మెకు మూడు ఇత్తడి రింగులు. చుట్టూ రాలిన ఇప్పపూల తీపి వాసన, దాన్ని తోసుకుంటూ పొగ వాసన. చెవి కింద మట్టిగుట్ట. గుట్ట లోపల మూడేళ్ళ కట్టె కాలుతోంది... పైకి మంట లేదు. పొగ ఒక్కటే, తొందర లేకుండా పైకి పోతోంది.

కోసి అవ్వ వింటోంది.

కళ్ళు మూసుకుని వింటోంది. తెరిచినా ఆమెకు పెద్ద తేడా లేదు. యాభై ఏళ్ళ పొగ ఆ కళ్ళను కాజేసింది. మనిషి ఆకారం తెలుస్తుంది, పొగ రంగు తెలియదు. బొగ్గు కాల్చేవాళ్ళంతా పొగ రంగు చూసి బట్టీ సంగతి చెబుతారు. తెల్లగా ఉంటే తడి పోతోందని, నీలంగా తిరిగితే ఇక మూసెయ్యాలని. కోసి మాత్రం చెవితో చెబుతుంది.

ఆమె మొగుడు ఉంగది కమ్మరం. సుత్తి దెబ్బలు ఆయన చెవులు తినేశాయి. పక్కన పిడుగు పడ్డా "ఏంది?" అంటాడు.

"ఆయనకు చెవుల్లేవు, నాకు కండ్లు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అయితం" అని కోసి నవ్వుతుంది. "ఆ ఒక్క మనిషికి గూడ కోపం ఎక్కువ" అని మళ్ళీ తనే అంటుంది.

వాళ్ళ ఊరు మరైగూడకు అవతల, వాగు దాటాక. ముప్ఫై ఇళ్ళు, ఒక కొలిమి.

నేను భూషణాన్ని. కొంటాలో ఉప్పు, చింతపండు కొట్టు నడిపిన శ్రీరంగం సేటు మనవణ్ణి. నా చిన్నప్పుడు కోసి మా కొట్టుకు బొగ్గుల తట్ట తెచ్చేది. అరుగు మీద తట్ట దించి, ఒక బొగ్గు ఏరి రాతి మీద పడేసేది. అది ఖంగుమనేది. "పండింది" అనేది కోసి. పచ్చిగా ఉన్న బొగ్గు దబ్బుమంటుంది, పండిన బొగ్గు ఖంగుమంటుంది. ఆ ఖంగు నా చెవిలో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నా పని చప్పుళ్ళు పట్టడం.

పోయే చప్పుళ్ళను పోకముందే పట్టి, వాటిని ఒక వరసలో కూర్చి, చీకటి గదిలో జనానికి వినిపిస్తాను. మా అమ్మ రామసుబ్బమ్మకు ఈ పని ఏమిటో ఇప్పటికీ తెలియదు. చుట్టాలు అడిగితే "రేడియోలో" అంటుంది. నేను రేడియోలో పని చెయ్యను. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అదే సుఖంగా ఉంది.

ఆ ఏడు వేసవిలో మైకులు, మిషన్లు సంచీలో వేసుకుని కోసి బట్టీ చప్పుడు పట్టడానికి పోయాను.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది.

ఏటా విత్తనాల పండగకు ముందు, ఉంగ కొలిమిలో సాగిన మొదటి నాగటి కర్రు ముత్యాలమ్మ తల్లికి పోవాలి. ఆ తరువాతే ఎవరి కర్రయినా. తల్లి కర్రు కాల్చే బొగ్గు ఆ కొలిమి ఇంటి ఆడమనిషి చేతిదే అయ్యుండాలి. బజారు బొగ్గు పనికిరాదు. గనుల్లోంచి వచ్చే రాక్షసి బొగ్గు అసలే పనికిరాదు — ఆ పేరు పెట్టుకున్నదాన్ని తల్లి ముందుకు ఎవరు తీసుకుపోతారు?

ఒక్క ఏడు తప్పినా దాగలిని పడుకోబెట్టాలి. దాగలి అంటే కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దిమ్మె. దాన్ని కొలిమిలోంచి మోసుకుపోయి, తల్లి గద్దె పక్కన ఒరిగించి వదిలేస్తారు. మళ్ళీ లేపాలంటే తల్లి ఒప్పుకోవాలి. పూజారి లక్మాకు తెలిసినంతలో తల్లి అలా ఒప్పుకున్నది లేదు.

ఉంగ దాగలి ఆయన తండ్రి తెచ్చింది. బస్తర్ రాజ్యం పోయి సర్కారు వచ్చిన ఏడు, జగదల్‌పూర్ నుంచి కావడిలో మోసుకొచ్చాడట. అప్పటి నుంచి అది ఒక్క ఏడు కూడా పడుకోలేదు.

"నేను పోయినా అది నిలబడే ఉండాలె" అంటాడు ఉంగ. తనకు వినపడదు కాబట్టి ఊరందరికీ వినపడేట్టు అంటాడు.

ఇదీ సంగతి. ఒక మట్టిగుట్ట చల్లబడి బొగ్గు ఇస్తే దాగలి నిలబడుతుంది. ఇవ్వకపోతే పడుకుంటుంది.

ఇంత తెలిసీ నేను ఆ పని చేశాను.

బట్టీ పేర్చడం చూడాలి.

నడుమ ఒక గుంజ. దాని చుట్టూ లావు కట్టెలు నిలబెట్టి, వాటి సందుల్లో సన్నవి. మద్ది, చిరుమాను, సండ్ర. అన్నీ రాలినవీ, గాలికి విరిగినవీ. నిలబడ్డ చెట్టు మీద గొడ్డలి పెడితే ఫారెస్టోళ్ళతో ఒక గొడవ, తల్లితో ఇంకో గొడవ అంటుంది కోసి. కొడుకులు మిరప కోతలకు భద్రాచలం అవతలికి పోతే, ఈ ఇద్దరు ముసలివాళ్ళే ఒక్కో కట్టె ఈడ్చుకొచ్చారు. ఒక్క బట్టీకి సరిపడా పోగు చెయ్యడానికి మూడేళ్ళు పట్టింది. అందాకా పాత బట్టీ బొగ్గుతో నెట్టుకొచ్చారు, అదీ పోయిన ఏటితో అయిపోయింది. కట్టె మీద పచ్చాకు. ఆకు మీద తడిమట్టి. కింద చుట్టూ పన్నెండు గాలి కన్నాలు. చివరికి నడుమ గుంజ లాగేసి ఆ సందులో నిప్పు వేసి, పైన మూసేశారు.

ఇక తెరవకూడదు.

లోపల నిప్పు బతకాలి. కానీ తినకూడదు. గాలి తగ్గితే ఆరిపోతుంది. ఎక్కువైతే కట్టె బొగ్గు దగ్గర ఆగకుండా బూడిద దాకా పోతుంది.

"ఆకలి మీద ఉంచాలె బిడ్డా" అంది కోసి. "కడుపు నిండిందంటే పాడైతది."

తొమ్మిది రోజుల పని. ఆమె గుట్ట చుట్టూ తిరుగుతుంది. నాలుగు అడుగులు, ఒక చెవి. మళ్ళీ నాలుగు అడుగులు, మళ్ళీ చెవి. ఒకచోట దోసెడు మట్టి వేస్తుంది, ఇంకోచోట కన్నం మూస్తుంది. ఉంగ దూరంగా కూర్చుని పొగ రంగు చూసి చేతులతో చెబుతాడు. ఆ చేతులు ఆమెకు మసగ్గా కనిపిస్తాయి. ఆమె అరిచి చెప్పేది ఆయనకు సగం అందుతుంది. అయినా పని సాగుతుంది. యాభై ఏళ్ళ కాపురం కదా.

నా మైకులు బయట మట్టి మీద పెట్టాను. రెండు రోజులు విన్నాను.

ఏమీ లేదు.

నిజంగానే ఏమీ లేదు. ఎప్పుడో ఒక టక్... చాలాసేపటికి ఒక నిట్టూర్పు... మళ్ళీ ఏమీ లేదు.

మంచి బట్టీకి చప్పుడు ఉండదని నాకు అప్పుడు తెలియదు. జగదల్‌పూర్‌లో నేను అప్పటికే గది మాట్లాడుకున్నాను. పన్నెండు స్పీకర్లకు బయానా ఇచ్చాను. గోడకు అంటించే కాగితాలు కూడా అచ్చు వేయించాను. ముహూర్తం పెట్టుకుని పిల్లను వెతుక్కునే బాపతు. నాకు చప్పుడు కావాలి.

మూడో రోజు మధ్యాహ్నం కోసి జావ తాగడానికి ఇంట్లోకి పోయింది. ఉంగ కొలిమి తిత్తుల తోలుకు నూనె రాస్తున్నాడు. పడమటి వైపు, గాలి కొట్టకుండా వెదురు తడిక కట్టి ఉంది. ఆ తడిక వెనక్కి పోయి, ఇనప చువ్వతో గుట్టకు కన్నం పొడిచాను.

వేలంత కన్నం.

పన్నెండు ఉన్నాయి కదా, పదమూడోది ఏం చేస్తుంది అనుకున్నాను. కోసిని అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు — అందుకే అడగలేదు. వేడికి ఓర్చే చిన్న మైకును సన్నటి గొట్టంలో పెట్టి లోపలికి దించాను. చుట్టూ మట్టి మెత్తాను. ఇంకో చిన్న మిషన్‌ను ఆన్ చేసి ఊరికే తడికకు వేలాడదీశాను. చెవులకు డిప్పలు తగిలించుకున్నాను.

అబ్బ...

ఏం చప్పుడు! చిటపటలు. లోతున ఎక్కడో గుబగుబ. మధ్య మధ్య గాజులు రాలినట్టు గలగల. నా ఒళ్ళు జలదరించింది. ఆ కాసేపూ నాకు కోసి గుర్తు లేదు, దాగలి గుర్తు లేదు. సాక్షాత్తూ ముత్యాలమ్మ తల్లి వచ్చి ఎదురుగా నిలబడ్డా, కాస్త ఆగమ్మా అనేవాణ్ణి.

నాలుగో రోజు పొద్దున.

ఎండ ఇంకా ఎక్కలేదు. ఇప్పపూలు ఏరుకునే వాళ్ళ మాటలు దూరంగా వినిపిస్తున్నాయి. కోసి గుట్ట చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది.

"ఈల" అంది.

"ఏంటవ్వా?"

"ఈల వేస్తంది. ఎక్కడ్నో గాలి పోతంది."

ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. పడమటి గాలి వెదురు తడికకు కొట్టుకుని తిరగబడుతోంది. ఈల ఎటు నుంచి వస్తుందో ఆమెకు చిక్కలేదు. నా దగ్గరికి వచ్చింది. నా చెవుల మీది డిప్పలను వేలితో తట్టింది.

"నీ మిషన్‌ల ఈల వినబడతందా, బిడ్డా?"

విన్నాను. చిటపటలు. గుబగుబ. గలగల. అంతే.

"లేదవ్వా. నా మిషన్ చీమ నడిచినా పట్టుకుంటుంది. ఈల లేదు."

నేను అబద్ధం చెప్పలేదు. నా చెవుల్లో నిజంగానే ఈల లేదు. నా మైకు గుట్ట కడుపులో ఉంది. ఈల బయట, ఆ గొట్టం మెడ చుట్టూ మోగుతోంది. ఇంట్లో కూర్చున్నవాడికి కప్పు మీద ఏం అంటుకుందో ఏం తెలుస్తుంది?

కోసి చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుంది. మళ్ళీ విన్నది. మళ్ళీ నా వైపు చూసింది.

"మిషన్ లేదంటే లేనట్టే" అంది. "ముసలి చెవి. ఉత్త ఈల."

పోయి నీడలో కూర్చుంది.

మధ్యాహ్నం నేను మైకు లాగేసుకుని, కన్నంలో ఆకు కుక్కి, పైన తడిమట్టి మెత్తి, సంచి సర్దుకున్నాను. తడిమట్టి ఎండకు ఎండుతుందని, ఎండిన మట్టి పగులుతుందని తెలియడానికి బొగ్గు కాల్చే ఇంట్లో పుట్టక్కర్లేదు. అయినా నాకు తట్టలేదు. కోసి దోసెడు ఇప్పపూలు ఆకులో చుట్టి ఇచ్చింది. దారిలో తినమంది.

తిన్నాను. తీయగా ఉన్నాయి.

పది రోజుల తరువాత అమ్మ ఫోన్ చేసింది. కొట్టుకు వచ్చిన వాళ్ళెవరో చెప్పారట.

"కోసి బట్టీ మొత్తం బూడిదైపోయిందంటరా. తట్టెడు బొగ్గు కూడా రాలేదంట. ముసల్దానికి చెవులు పోయినయి, పాపం."

నేను మూసే వచ్చాను కదా — అనుకున్నాను.

ఆ 'కదా' దగ్గరే ఆగిపోయాను. దాని అవతలికి పోయే ధైర్యం నాకు లేదు.

వానలకు ముందే దాగలిని పడుకోబెట్టారట. నలుగురు మోశారట. లక్మా అడిగితే కోసి అందరి ముందూ "నాదే తప్పు. నా చెవి నన్ను మోసం చేసింది" అందట. ఇక బట్టీ పెట్టనని కూడా అందట. ఉంగ ఏమీ అనలేదట. ఆయనకు వినపడలేదేమో అనుకున్నారు. వినపడకుండా ఎలా ఉంటుంది?

వానాకాలమంతా జగదల్‌పూర్‌లో గది తలుపులు వేసుకుని ఆ చప్పుళ్ళు కూర్చాను.

తడికకు వేలాడదీసిన చిన్న మిషన్‌లో ఒక సన్నటి నాదం దొరికింది. నలభై నిమిషాలు. తెగకుండా, వణుకుతూ, ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతూ... ఏదో పిట్ట అనుకున్నాను. కాదు, వెదురు సందుల్లో గాలి అనుకున్నాను. ఏదైతేనేం, బాగుంది. ఆ నాదాన్నే నా రచన మొత్తానికి దారంగా పెట్టుకుని మిగతా చప్పుళ్ళన్నీ దానికి గుచ్చాను.

ఆ పొద్దున కోసి అన్న మాట నాకు గుర్తు రాలేదు. మనకు పనికొచ్చే మరుపు అడక్కుండానే వస్తుంది.

చలికాలం మొదట్లో, పాత బియ్యం గోదాములో గది తెరిచాను. చీకట్లో నడుమ ఒక మట్టిగుట్ట కట్టించాను. మట్టిలో పన్నెండు స్పీకర్లు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, చుట్టూ కూర్చుని, మట్టికి చెవి ఆనించి వినాలి. రాయ్‌పూర్ నుంచి వచ్చారు, ఇంకా దూరం నుంచి వచ్చారు. ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. ఒకాయన నా రెండు చేతులూ పట్టుకుని "ఆ వేణువు ఎవరిది?" అని అడిగాడు. అడవిది అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

ఆ వారమే కోసినీ ఉంగనూ తీసుకురావడానికి పోయాను.

వస్తారనుకోలేదు. కోసి వెంటనే చీర మార్చుకుంది.

"అది నా ఆఖరు బట్టీ. దాని గొంతు నీ దగ్గర ఉందంటివి కద. ఒక్కపాలి వింట."

కొంటాలో బస్సు ఎక్కాం. సుక్మా దాటాక కోసి కిటికీకి తల ఆనించి ముఖం చిట్లించింది. ఏమైందవ్వా అంటే ఏం లేదంది. తోంగ్‌పాల్ చేరేసరికి బస్సు ముందు నుంచి ఆవిరి బుస్సున లేచింది. గొట్టం పగిలిందని కండక్టరు అందర్నీ దింపాడు. చాయ్ దుకాణం ముందు బెంచీ మీద కూర్చున్నాం.

"సుక్మా కాడ్నుంచే నాకు అనిపిస్తంది" అంది కోసి, చాయ్ ఊదుకుంటూ. "బండి కడుపుల ఏందో బుస్సుమంటంది."

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల చెప్తా, బిడ్డా? నా చెవిని నేనే నమ్ముతలేను."

గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని అంది. ఫిర్యాదుగా అనలేదు. మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పినట్టు చెప్పింది. ఈమెకు కళ్ళు ఎప్పుడో పోయాయి, దానికి ఆమె నవ్వుకునేది. చెవి పోయిందని మాత్రం నవ్వలేకపోతోంది. ఆ చెవే ఆమె పని, ఆ చెవే ఆమె మాట. అది పోయిందనుకుని ఆరు నెలల నుంచి ఎలా బతుకుతోందో ఆ బెంచీ మీద నాకు కొంత తెలిసింది. ఎందుకు పోయిందనుకుంటోందో మాత్రం ఇంకా తెలియలేదు.

ఇంకో బస్సు ఎక్కి సాయంత్రానికి చేరాం.

గోదాము చీకటిగా ఉంది. పదిమంది దాకా ఉన్నారు. కోసి నేల మీద కూర్చుని గుట్ట మీద అరచెయ్యి వేసింది. వెంటనే తీసేసింది.

"చల్లగుంది" అంది.

మళ్ళీ వేసింది. మెల్లగా వంగి చెవి ఆనించింది. ఉంగ ఆమె పక్కన కూర్చుని ఆమె మొహం చూస్తున్నాడు. ఆయన వినేది ఎప్పుడూ ఆ మొహంలోంచే.

చిటపటలు మొదలయ్యాయి. గుబగుబ. గలగల. కోసి కనుబొమలు ముడిపడ్డాయి. ఇంత చప్పుడేంది అన్నట్టు తల ఊపింది.

తరువాత ఆ నాదం వచ్చింది.

కోసి లేచి కూర్చుంది.

"ఈల" అంది.



"అదే ఈల. ఆనాటి ఈల. నేను విన్న. నువ్వు లేదన్నవ్." చీకట్లో చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు కమ్మరి ఇంటి పట్టు. "ఎక్కడ పెట్టినవ్ నీ మిషన్?"

చెప్పాను.

అన్నీ చెప్పాను. పడమటి వైపు, తడిక వెనక, ఇనప చువ్వ, వేలంత కన్నం. నువ్వు జావ తాగడానికి పోయినప్పుడు. అడిగితే వద్దంటావని అడగలేదవ్వా. మూశాను. సరిగ్గా మూయలేదు. నువ్వు అడిగినప్పుడు నాకు వినపడలేదు, ఒట్టు... తప్పు నాదవ్వా.



ఆమె తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కోరుకున్నాను కూడా.

కోసి మొగుడి వైపు తిరిగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గోదాము అదిరేట్టు అరిచింది.

"నా చెవి పోలే! వింటన్నవా? నా చెవి మంచిగనే ఉంది!"

అందరూ తిరిగి చూశారు. ఆమె నవ్వుతోంది. పెద్దగా నవ్వుతోంది, ఇత్తడి రింగులు ఊగేట్టు. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఉంగకు అర్థం కావడానికి ఇంకాస్త సేపు పట్టింది. ఆమె చేతులతో చెప్పింది. నన్ను చూపించింది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఎంత బొక్క?"

వేలు చూపించాను. ఆయన ఆ వేలును తన వేళ్ళ మధ్య పట్టుకుని, లావు చూసినట్టు చూశాడు. మూడేళ్ళ కట్టె. డెబ్భై ఏళ్ళు నిలబడ్డ దాగలి. వదిలేశాడు. ఏమీ అనలేదు. ఈసారి వినపడలేదని ఎవరూ అనుకోలేదు.

కోసి మళ్ళీ వంగి చెవి ఆనించింది. నలభై నిమిషాలూ విన్నది. పోయిన మనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చుని, చివరిదాకా విన్నది. ఒకచోట చెయ్యెత్తింది. "ఇక్కడ దోసెడు మన్ను వేస్తే ఆగేది" అంది. ఇంకాస్త సేపటికి, "ఇక్కడ గూడ ఆగేది" అంది. ఆ తరువాత చెయ్యెత్తలేదు.

బయటికి వచ్చాక నా భుజం పట్టుకుంది.

"నీ పాట బాగుంది, బిడ్డా. మనుషులు ఏడుస్తున్నరు గద. కాని ఇది బట్టీ బతికిన పాట కాదు. బట్టీ సచ్చిన పాట. ఆ మాట గోడకు రాసి పెట్టు."

అచ్చు కాగితాలు పీకేసి, బొగ్గు ముక్కతో ఆ మాట గోడకు రాశాను. ఎవరు చేసిన కన్నమో కూడా రాశాను. వేణువు అన్నాయన మళ్ళీ వచ్చి, చదివి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వెక్కి ఏడ్చినావిడ కూడా వచ్చింది. ఆవిడ కూర్చుని ఇంకోసారి విన్నది.

ఆ తరువాత ఊరికి పోయి తల్లి గద్దె ముందు నిలబడి, ఊరందరికీ చెప్పాను. దాగలి అక్కడే ఉంది, ఒక పక్కకు ఒరిగి. వానలకు తుప్పు పట్టింది. దాని వైపు చూడకుండా చెప్పాలనుకున్నాను. కుదరలేదు.

లక్మా చాలాసేపు తల గోక్కున్నాడు.

"కట్టె పోగొట్టినోడు కట్టె తేవాలె" అన్నాడు. "బొగ్గు వచ్చినంక తల్లిని అడుగుదం. ముందు నేనేం చెప్ప."

శిక్ష అంతే. డబ్బు కట్టడం కాదు, కట్టె మొయ్యడం. నిలబడ్డ చెట్టు ముట్టకూడదు. నెత్తి మీదే తేవాలి. బండి పెట్టకూడదు.

నాలుగు నెలలు మోశాను. మొదటి మోపుకే మెడ పట్టేసింది. కట్టె మోపులతో ఎదురొచ్చిన ఆడవాళ్ళు ఆగి మరీ నవ్వారు. "సేటు మనవడా, త్రాసు మోసినంత సులువు కాదు" అన్నారు. మోపు ఎలా కట్టాలో, నెత్తిన చుట్టకుదురు ఎలా పెట్టుకోవాలో కూడా వాళ్ళే నేర్పారు. చుట్టాలు అడిగితే అమ్మ ఇప్పటికీ "రేడియోలో" అనే అంటోంది.

మూడేళ్ళ కట్టె నాలుగు నెలల్లో రాదు. పోయినసారి దాంట్లో పావు వంతు వచ్చింది. పావు బట్టీ పేర్చాం. ఏడు కన్నాలు. "ఒక్క కర్రుకు చాలు" అంది కోసి. "తల్లి ఒప్పుకుంటే." ఆ రెండో మాట చిన్నగా అంది.

ఇవాళ నాలుగో రోజు పొద్దున.

ఎండ ఇంకా ఎక్కలేదు. ఇప్పపూలు రాలుతున్నాయి. ఉంగ ఎదురుగా కూర్చుని పొగ చూస్తున్నాడు. నా మిషన్లు కొంటాలో, అమ్మ బీరువాలో ఉన్నాయి. కోసి గుట్ట చుట్టూ తిరుగుతూ... నాలుగు అడుగులు, ఒక చెవి... తిరుగుతూ పడమటి వైపు ఆగిపోయింది.

"ఇటు రా" అంది.

పోయాను. నా తల పట్టుకుని వంచింది. మట్టికి ఆనించింది. పక్కన తనూ వంగింది. ఆమె ఊపిరి నా మొహానికి తగులుతోంది.

"ఈల వినబడతందా, బిడ్డా?"

అదే మాట. పోయిన ఏడు దీనికి జవాబు చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో గుర్తుంది. మూడు లెక్కపెట్టేంత సేపు.

విన్నాను.

నా గుండె చప్పుడు. ఉంగ దగ్గు. పువ్వు ఆకు మీద పడ్డ చప్పుడు. వాటన్నిటి కిందా లోతున ఒక టక్... చాలాసేపటికి ఒక నిట్టూర్పు... ఇంకా దాని కింద, ఏదో సన్నగా... ఉందా? నా భయమే అలా మోగుతోందా? నాకు తెలియడం లేదు. ఆమెకు తెలుసు. తెలిసే అడుగుతోంది. దోసిలిలో తడిమట్టి పట్టుకుని అడుగుతోంది.

"చెప్పు."

దూరంగా, తల్లి గద్దె పక్కన, దాగలి ఒరిగి పడుకుని ఉంది.

"ఆగవ్వా" అన్నాను. "ఇంకాస్త విననీ..."

ఆమె ఆగింది.

వెచ్చటి మట్టి మీద రెండు చెవులు.